జపాన్ ఆకురాలు కాలం ప్యాకేజీ: తేదీలే తప్పు

విశాఖ ద్వారకానగర్‌లో ఒక ట్రావెల్ ఏజెన్సీ అమ్ముతున్న 7 రోజుల ప్యాకేజీ ఇది. అక్టోబరు మూడో వారంలో ప్రయాణం. టోక్యో, క్యోటో, ఒసాకా. బ్రోచర్ నిండా క్యోటో గుళ్ల చుట్టూ ఎర్రబడ్డ మేపుల్ చెట్లు. ఆ తేదీల్లో అక్కడ ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి!

రాత్రి ఉష్ణోగ్రత సుమారు 8 డిగ్రీల కిందికి దిగితేనే ఆకు రంగు మారడం మొదలవుతుంది. అందుకే రంగు ఉత్తరం నుంచి దక్షిణానికి, కొండ మీద నుంచి కిందికి దిగుతుంది. అక్టోబరులోనే వెళ్లాలంటే టోక్యోకు ఉత్తరాన ఉన్న నిక్కో పట్టణానికి ఎగువన 1,269 మీటర్ల ఎత్తున్న చూజెంజి సరస్సును ప్లాన్‌లో చేర్చమనండి. క్యోటోయే కావాలంటే నవంబరు 20 తర్వాత వెళ్లండి. పగలు హాయిగా ఉంటుంది, రాత్రికి మాత్రం స్వెటర్ తప్పదు.

సుమారు 50,000 యెన్‌ల రైలు పాస్ కూడా ప్యాకేజీలో అంటగడుతున్నారు. టోక్యో–క్యోటో బుల్లెట్ రైలు రానుపోను దాదాపు 28,000 యెన్‌లే. పాస్ తీసేయమని గట్టిగా అడగండి.

విశాఖ నుంచి సింగపూర్ మీదుగా స్కూట్ (చవక విమాన సంస్థ) టికెట్ బాగానే కుదిర్చారు. చెక్-ఇన్ లగేజీకి వేరే కట్టాలి, ముందే కొనుక్కోండి. అక్టోబరు, నవంబరు మనకు తుపాన్ల కాలం. సింగపూర్ వరకు ఒకటి, అక్కడి నుంచి జపాన్‌కు ఒకటి అని టికెట్లు విడివిడిగా ఉంటే, విమానం ఆలస్యమైనా రెండోది తప్పిపోకుండా సింగపూర్‌లో ఒక రోజు ఖాళీ ఉంచుకోవాలి.

శాకాహారులకు మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్ పెడతామన్నారు. అందులో సాధారణంగా చేప రసం ఉంటుంది, రాతపూర్వకంగా మార్పించుకోండి.

వీసా కాగితాల పని మాత్రం శుభ్రంగా చేస్తారు. మొత్తమ్మీద ప్యాకేజీకి 5కి 3 మార్కులు.