జాగ్రత్త: "షేరింగ్ రూమ్ తీసుకుంటే రోజుకు 800 మీకే" అనే పాలసీ

బుధవారం రాత్రి ఏడున్నరకి బిల్లింగ్ కౌంటర్‌లో 35,280 రూపాయలు కట్టి అమ్మని ఇంటికి తెచ్చుకున్నాను. పది లక్షల క్యాష్‌లెస్ ఆరోగ్య బీమా పాలసీ ఉంది, మూడేళ్లుగా ఒక్క రోజు ఆలస్యం కాకుండా ప్రీమియం కడుతున్నాను. అయినా కట్టాను. కోపం చల్లారాక రాద్దామనుకున్నా కానీ అప్పటికి సగం మర్చిపోతాను, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

కంపెనీ పేరు రాయను, ఫిర్యాదు నడుస్తోంది. ఆసుపత్రి పేరు కూడా వద్దు. ఈ రెండు ఆప్షన్లు ఇప్పుడు చాలా పాలసీల్లో ఉన్నాయి, మీ దాంట్లో ఉన్నాయో లేవో ఈ రాత్రే తీసి చూసుకోండి. ఒకటి, కంపెనీ చెప్పిన ఆసుపత్రులకే వెళ్తానంటే ప్రీమియంలో డిస్కౌంట్. రెండోది, సింగిల్ రూమ్ వద్దని షేరింగ్ రూమ్‌లో ఉంటే రోజుకింత క్యాష్. ఖర్చు తగ్గించినవాళ్లకి కొంత తిరిగిస్తాం అని చెప్తారు. నాకు ఆ మాట చాలా నచ్చింది, నచ్చబట్టే ఈ పాలసీ తీసుకున్నా.

అమ్మకి గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. దీనికి పాలసీలో రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే పాలసీ తీసుకున్న రెండేళ్ల దాకా ఈ జబ్బుకి డబ్బు ఇవ్వరు, అది దాటిపోయింది కాబట్టి ఇబ్బంది లేదనుకున్నాం. పోయిన వారం నొప్పి ఎక్కువైతే మా ఇంటికి దగ్గరలో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాం. వెళ్లే ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఆసుపత్రి పేరు చెప్పి "క్యాష్‌లెస్ ఉందా?" అని అడిగాను. "ఉంది మేడమ్, నెట్‌వర్క్ హాస్పిటలే" అంది ఆ అమ్మాయి. యాప్‌లో కూడా చూసుకున్నా, పేరు ఉంది. ఇంకేం అడగాలో నాకు తెలియలేదు.

ఆసుపత్రిలో ఎస్టిమేట్ కాగితం ఇచ్చారు. సింగిల్ రూమ్ అయితే 1,85,000, ఇద్దరు ఉండే షేరింగ్ రూమ్ అయితే 1,40,000. ఒకే ఆపరేషన్, ఒకే డాక్టర్, అవే రెండు రాత్రులు. ఇంత తేడా ఎందుకని అడిగితే రూమ్ అద్దె ఒక్కటే కాదట, సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీలు, డాక్టర్ విజిట్లు అన్నీ రూమ్ క్యాటగిరీని బట్టే పెరుగుతాయట. మా పాలసీలో సింగిల్ రూమ్ వరకు కవర్ ఉంది. నేను సింగిలే తీసుకుందామన్నా. అమ్మే వద్దంది. "షేరింగ్‌ల ఉంటే రోజుకు ఎనిమిది వందలు ఇస్తరంటివి గదా బిడ్డా, రెండు రోజులకు పదహారు వందలు. మందులకన్న అయితయి, ఊకె ఎందుకు పోగొట్టుడు" అంది. పాలసీ తీసుకున్న రోజు ఆ ముచ్చట అమ్మకి సంబరంగా చెప్పింది నేనే.

ఆ గదిలో రెండు మంచాల మధ్య ఒక నీలం పరదా, అంతే. అవతలి మంచం మీద ఆయాసంతో ఉన్న పెద్దావిడ. పాపం ఆమె తప్పేం లేదు, రాత్రంతా నాలుగు గంటలకోసారి నెబ్యులైజర్ పెట్టేవాళ్లు, ఆ మోత, ఆ లైట్లు. ఇద్దరికీ ఒకటే బాత్రూమ్. ల్యాప్రోస్కోపీలో కడుపులోకి గ్యాస్ పంపుతారు కదా, దానివల్ల ఆపరేషన్ తర్వాత భుజం గుంజుతుంది. అమ్మకి కుట్ల నొప్పి కంటే ఆ భుజం నొప్పే ఎక్కువైంది. రెండో రాత్రి రెండింటికి లేచి చూస్తే భుజం పట్టుకుని కూర్చునే ఉంది. నర్సుని పిలుస్తానంటే "వద్దు, పక్క ఆమె ఇప్పుడే నిద్రపోయింది" అంది. నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తెల్లారేదాకా ఆ భుజం రాస్తూనే ఉన్నా.

బుధవారం పొద్దున పదిన్నరకి డాక్టర్ వచ్చి ఇంటికి వెళ్లొచ్చన్నాడు. ఫైలు తయారై ఇన్సూరెన్స్‌కి వెళ్లేసరికి మధ్యాహ్నం 3:10. అక్కడి నుంచి కూర్చోవడమే. నాలుగు, ఐదు, ఆరు. గది ఖాళీ చేయమన్నారు, అమ్మని కింద హాల్లో స్టీలు కుర్చీలో కూర్చోబెట్టా. 7:05కి అప్రూవల్ వచ్చింది.

ఇన్సూరెన్స్ డెస్క్ అబ్బాయి స్క్రీన్ నా వైపు తిప్పాడు. మొత్తం బిల్లు 1,42,600. గ్లవ్స్, మాస్కులు లాంటి నాన్ పేయబుల్స్, అంటే బీమా ఇవ్వనివి, 8,450. అది తెలిసిందే, ఒప్పుకుంటా. దాని కింద ఇంకో లైను: కో-పే, అంటే ఖర్చులో మేమే కట్టుకోవాల్సిన వాటా, 20 శాతం, 26,830. మా పాలసీలో కో-పే లేదు అన్నాను. "ఉంది మేడమ్, మీరు ప్రీమియంలో 15 శాతం డిస్కౌంట్ తీసుకున్నారు కదా, దానికి వేరే లిస్టు ఉంటుంది. మా హాస్పిటల్ మామూలు నెట్‌వర్క్‌లో ఉంది కానీ ఆ లిస్టులో లేదు" అన్నాడు. నేను డిస్కౌంట్ అడగలేదు బాబూ అన్నా. "అడగకుండా ఎలా ఇస్తారు మేడమ్? సంతకం మీదే ఉంది. చదువుకున్నవాళ్లు మీరే ఇలా అంటే ఎలా?" వెనక క్యూలో పదిమంది. అమ్మ చేతికి ఇంకా కాన్యులా పీకిన ప్లాస్టర్. అందరి ముందు అంత గట్టిగా అనాల్సిన అవసరం ఏముంది?

అక్కడే నిలబడి ఏజెంట్‌కి ఫోన్ చేశా. మా ఊరి అబ్బాయే, నన్ను నోరారా అక్కా అని పిలుస్తాడు. పాలసీ తీసుకున్న రోజు ఇతనన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది: "మీరు కాబట్టి నా తరఫున నాలుగు వేలు తగ్గించిన అక్కా." మా ఇంట్లో టీ తాగుతూ అన్నాడు. వాళ్ల కమిషన్‌లోంచి తగ్గించాడేమో అనుకుని నేను మొహమాటపడ్డాను కూడా, వెళ్లేటప్పుడు అమ్మ ఒక డబ్బా నిండా సకినాలు పెట్టిచ్చింది. ఇప్పుడు అడిగితే, "అది కంపెనీ ఆప్షన్ అక్కా, నేనే టిక్ పెట్టిన, ప్రీమియం తక్కువైతదని. పీడీఎఫ్ పంపిన గదా, మీరు చూసుకోవాలె" అన్నాడు. తన తరఫున ఒక్క రూపాయీ తగ్గించలేదు. అమ్మ ఆపరేషన్ ఖర్చులో ఐదో వంతు మా నెత్తిన పెట్టే షరతుకి నన్ను అడగకుండా టిక్ పెట్టి, దాన్ని నాకు చేసిన మేలుగా చెప్పుకున్నాడు. కౌంటర్ అబ్బాయి మాట కన్నా ఇదే నన్ను కాల్చేస్తోంది. మూడేళ్లలో ఆ డిస్కౌంట్ వల్ల మాకు మిగిలింది దాదాపు 13 వేలు. ఒక్క సాయంత్రం పోయింది 26,830.

అయినా తప్పు నాదీ ఉంది. పాలసీ కాగితాలు మూడేళ్లుగా మెయిల్‌లో పడున్నాయి, నిన్న రాత్రి మొదటిసారి పూర్తిగా చదివాను. మూడో పేజీలోనే ఉంది. "క్యాష్‌లెస్ ఉందా" అని అడిగాను గానీ "నా డిస్కౌంట్ లిస్టులో ఉందా" అని అడగలేదు. ఆ ఆసుపత్రి నుంచి నాలుగు కిలోమీటర్ల దూరంలో లిస్టులో ఉన్నది ఇంకోటి ఉంది. తెలిసుంటే అక్కడికే వెళ్లేవాళ్లం.

ఇక ఆ పదహారు వందలు. అదీ రాదట. షేరింగ్ రూమ్ క్యాష్ కావాలంటే ఆసుపత్రిలో 48 గంటలు దాటాలి. సోమవారం సాయంత్రం 4:20కి అడ్మిట్ అయ్యాం. డిశ్చార్జ్ సమ్మరీ మీద టైమ్ బుధవారం 3:10, అంటే ఫైలు వాళ్లకి పంపిన టైమ్. 46 గంటల 50 నిమిషాలు అని లెక్క కట్టారు. మేము గేటు దాటింది 7:40కి, 51 గంటల 20 నిమిషాలకి. మధ్యలో నాలుగు గంటలు ఎవరి కోసం కూర్చున్నాం? వాళ్ల అప్రూవల్ కోసమే. వాళ్లు ఆలస్యం చేసిన గంటలే మా లెక్కలో లేవు. గురువారం కస్టమర్ కేర్‌లో ఇదే అడిగితే "హాస్పిటల్ రికార్డు ప్రకారమే వెళ్తాం మేడమ్" అని మూడుసార్లు అదే మాట.

నా బాధ పదహారు వందల గురించి కాదు. మేము షేరింగ్ తీసుకోవడం వల్ల బిల్లు 45 వేలు తగ్గింది. నా 20 శాతం తీసేసినా కంపెనీకి దాదాపు 36 వేలు మిగిలింది. రాత్రంతా భుజం పట్టుకుని కూర్చున్నది మా అమ్మ. ఆ మిగులులోంచి ఆమెకి ఇస్తానన్న చిన్న మొత్తం కూడా గంటలు కోసి ఎగ్గొట్టారు. అమెరికాలో ఉన్న మా చెల్లి కంపెనీ ఇన్సూరెన్స్‌లో, ఎంఆర్ఐ పెద్ద ఆసుపత్రిలో కాకుండా బయట సెంటర్‌లో తీయించుకుంటే ఇంటికి చెక్కు పంపుతారట, తనకి ఒకసారి వచ్చింది కూడా. తక్కువ ఖర్చు దారి చూపించి పేషెంటుకి వాటా ఇవ్వడం నిజంగా మంచి పద్ధతి. అది ఇవ్వకుండా ఆశ మాత్రం చూపిస్తే, రేపు ఎవరు షేరింగ్ రూమ్ తీసుకుంటారు? నేనైతే తీసుకోను. వచ్చేసారి కవర్ ఉన్నంత వరకు సింగిల్ రూమే.

గురువారమే కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి మెయిల్ పెట్టా, 14 రోజుల్లో తేల్చాలి. బీమా కంపెనీలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేశా, ఫోన్‌లో చెప్పాలనుకునేవాళ్లకి 155255. కంపెనీ నెలలోగా తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోనే ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఇంకోటి నిన్ననే తెలిసింది. ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ రిక్వెస్ట్ వెళ్లాక మూడు గంటల్లో ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలి, ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా ఏమైనా వేస్తే అది కంపెనీయే భరించాలి. మాకు పట్టింది 3 గంటల 55 నిమిషాలు. ఇది కౌంటర్ దగ్గర తెలిసుంటే అప్పుడే అడిగేదాన్ని.

మీరు చేయాల్సింది కొంచెమే. పాలసీతో పాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని ఇస్తారు, అడిగితే తెలుగులో ఇవ్వాలి. అందులో కో-పే, షేరింగ్ రూమ్ లైన్లు చదవండి. కొత్తగా తీసుకున్నవాళ్లకి 30 రోజుల ఫ్రీ లుక్ ఉంటుంది, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. ఏజెంటు "తగ్గించిన" అంటే ఏ ఆప్షన్ కింద తగ్గించాడో వాట్సాప్‌లో రాసివ్వమనండి. డిశ్చార్జ్ కాగితం మీద టైమ్ చూడకుండా సంతకం పెట్టొద్దు.

నిన్న రాత్రి అన్నం తింటూ అమ్మ అడిగింది, "ఆ పదహారు వందలు ఎప్పుడేస్తరంట బిడ్డా?" అని. ఫిర్యాదు పెట్టిన సంగతి చెప్పలేదు, టైమ్ పడుతుందమ్మా అన్నా. వచ్చే బుధవారం కుట్లు చూపించుకోవడానికి మళ్లీ అదే ఆసుపత్రికి వెళ్లాలి. 7:40కి గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు గేట్ పాస్ మీద టైమ్ రాసి ముద్ర వేసి ఉంచుకున్నారు. ఆ కాపీ అడుగుతాను.