ఫ్యామిలీ కోర్టు మీడియేషన్: సేవ బాగుంది, మెమో చదివి సంతకం పెట్టండి

విడాకుల కేసు నడుస్తుండగా మళ్లీ కాపురం చేద్దామనుకునే జంటకు ఫ్యామిలీ కోర్టు మీడియేషన్ మంచి దారే. ఫీజు లేదు. లోపల అనుకున్న మాటలు సాక్ష్యంగా పనికిరావు, రాజీ కుదిరిందో లేదో అంతవరకే జడ్జికి రాస్తారు. ఓపికగా వినే మీడియేటరు దొరికితే పెద్దమనుషుల పంచాయితీ కన్నా వెయ్యి రెట్లు నయం.

చిక్కంతా ఆఖర్న రాసే రాజీ పత్రం, అంటే మెమోతోనే. "ఇరువురూ కలిసి ఉండుటకు అంగీకరించినారు, కేసు ముగించవలసినది" అని రెండు ముక్కల్లో తేల్చేస్తే, నాలుగు నెలలకు కాపురం మళ్లీ చెడినప్పుడు తెలుస్తుంది నష్టం.

హిందూ వివాహ చట్టం ప్రకారం, వదిలేసి వెళ్లారన్న కారణంతో విడాకులు కోరాలంటే కేసు వేసే నాటికి రెండేళ్లు ఎడతెగకుండా గడవాలి. నిజంగా కాపురం మొదలుపెడితే ఆ లెక్క మళ్లీ ఒకటి నుంచే. పిల్లాడి పుట్టినరోజుకు వచ్చి వెళ్లడం కాపురం కిందికి రాదు. క్రూరత్వం కేసులో ఇంకో మెలిక ఉంది. కలిసి కాపురం చేస్తే పాత తప్పును క్షమించినట్టేనని అవతలి లాయరు అదే చట్టంలోని సెక్షన్ 23(1)(బి) చూపిస్తాడు. అయితే ఆ క్షమాపణ షరతుతో కూడినదేననీ, మళ్లీ వేధిస్తే పాత ఆరోపణలు కూడా లేస్తాయనీ సుప్రీంకోర్టు 1975లో దాస్తానే కేసులో చెప్పింది.

అందుకే తొందరపడి కేసు ఎత్తేయొద్దు. ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 9(2) కింద, రాజీకి ఆశ ఉందనుకుంటే జడ్జి తగినంత కాలం వాయిదా వేయవచ్చు. అదే అడగండి. మెమోలో ఏ తేదీన, ఏ ఇంట్లో కాపురం మొదలవుతుందో రాయించండి. మనోవర్తి ఉత్తర్వు ఉంటే బకాయి ఎంతో, ఇకపై దాని సంగతేమిటో కూడా ఉండాలి. ఇది వదిలేస్తే తర్వాత పెద్ద రచ్చ. కేసు వెనక్కి తీసుకోవాల్సిందే అయితే, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 23 రూల్ 1 కింద మళ్లీ వేసుకునే అనుమతి కోరండి. మెమోలో ఉంటే సరిపోదు, జడ్జి ఉత్తర్వులోనూ ఆ మాట ఉండాలి.

పరస్పర అంగీకారంతో హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద విడాకులకు వేసినవాళ్లకు ఇంత తలనొప్పి లేదు. డిక్రీ వచ్చేలోపు ఒక్కరు వద్దన్నా విడాకులు ఆగిపోతాయని 1991లోనే తేలింది. కాకపోతే కాపురం చేశాక మళ్లీ విడిపోయి కొత్తగా 13బి వేయాలంటే, మరో ఏడాది విడిగా ఉండాల్సిందే.