వెన్నుపూస దెబ్బ తర్వాత: నేరుగా ఇంటికా, ముందు రిహాబ్‌కా?

మా బావ తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. నెల్లూరులో ఆపరేషన్ అయ్యాక కావలి దగ్గర మా ఊరికి తెచ్చుకుందామా, వెల్లూరు రిహాబ్‌కు, అంటే దెబ్బ తర్వాత తన పనులు తను చేసుకోవడం నేర్పే కేంద్రానికి, పంపుదామా అని ఇంట్లో పెద్ద చర్చ. చివరికి రెండూ చూశాం.

ఇంట్లో ఖర్చు తక్కువ, అక్క చేతి అన్నం, పిల్లలు కళ్లముందే. కానీ వసారాలో మంచం వేయగానే పలకరింపులు మొదలు. “అయ్యో, ఎంత కష్టమొచ్చిందయ్యా!” మూడో వారానికి బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. నీళ్లూ తగ్గించేశాడు, యూరిన్ సంచి అక్క మార్చాలని సిగ్గు.

వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో ఆ రిహాబ్ కేంద్రం 1966లో మొదలైంది. దాని వెనకున్న డాక్టర్ మేరీ వర్గీస్ 1954 యాక్సిడెంట్‌లో కాళ్లు చచ్చుబడ్డాక చక్రాల కుర్చీలోంచే సర్జరీలు చేసిన మనిషి. అక్కడ ఓదార్పు మాటలకు టైమ్ ఉండదు. పుండ్లు పడకుండా కుర్చీలో చేతులు ఆనించి ఒళ్లు పైకెత్తడం, మంచం మీంచి కుర్చీలోకి జరగడం, యూరిన్ ట్యూబ్ తనే పెట్టుకోవడం, ఇవే పాఠాలు. బావను కదిలించింది మాత్రం డాక్టర్లు కాదు, తనలాగే పడి, కుర్చీలో గిర్రున తిరుగుతున్న పక్క మంచం కుర్రాడు.

ఇబ్బందీ ఉంది: అక్క వరికోత కూలి వదులుకుని తోడుండాలి. అయినా నా ఓటు ముందు రిహాబ్‌కే. తిరిగొచ్చాక దిగులు మళ్లీ రావచ్చు. వారాలు గడిచినా వదలకపోతే, చావు మాటలొస్తే వెంటనే సైకియాట్రిస్ట్‌కు చూపించాలి.

బావ ఇల్లు చేరగానే అడిగింది ఒక్కటే: గడప దగ్గర సిమెంటు వాలు ఎప్పుడు పోస్తారని.