కొండపల్లిలో బొమ్మలు కొన్నాం, కథ కూడా విన్నాం

విజయవాడ నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్తే కొండపల్లి పెద్ద దూరమేం కాదు. సంక్రాంతి బొమ్మల కొలువు కోసం బొమ్మల కాలనీలో ఒక చిన్న కొట్టుకి వెళ్లాం. ఏనుగు అంబారీ, తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు తీసుకున్నాం.

కొట్టాయన బొమ్మల కంటే ముందు చెక్క ముక్క చేతిలో పెట్టారు. తెల్లపొణికి. పట్టుకుంటే గానీ ఎంత తేలికో తెలీదు. ఏనుగు తొండం, కాళ్లు, అంబారీ అన్నీ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారట. గోటితో తడిమి చూశాను, అతుకు దొరకలేదు. మేక వెంట్రుకల కుంచెతో కళ్లు దిద్దడం చూసి తీరాలి.

తమ పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని, శివుడి దగ్గర ఈ విద్య పొందిన ముక్తర్షి తమ మూలపురుషుడని ఈ బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు చెప్పుకుంటారు. పక్క ఊళ్లో పుట్టి పెరిగినా మనలో చాలామందికి ఈ సంగతి తెలీదు. మా పిల్లలైతే కదలకుండా కూర్చుని విన్నారు.

ప్యాకింగ్ మాత్రం బాలేదండీ. పాత పేపర్లో చుట్టి కవర్లో వేశారు. ఇంటికొచ్చేసరికి గీత కార్మికుడి ముంత ఊడింది. ఫోన్ చేస్తే, తెస్తే ఉచితంగా అతికిస్తామన్నారు. మీరు అట్టపెట్టె అడిగి తీసుకోండి. ధర దగ్గర బేరం వద్దు, ఆ చేతిపనికి అది ఎక్కువేం కాదు. తెల్లపొణికి కూడా ఇప్పుడు అడవిలో అంత తేలిగ్గా దొరకడం లేదు.