ఓళిగ ఒక్కపూటా, నిప్పట్లు రోజూనా: పండగల్లో లో-కార్బ్‌కు ఏది మేలు?

సంక్రాంతికి అనంతపురం, కడప ఇళ్లలో పిండివంటలు భోగికి ముందే మొదలవుతాయి. డబ్బాలు ఖాళీ అయ్యేసరికి జనవరి ఆఖరు. లో-కార్బ్ (పిండిపదార్థం తగ్గించి) తినేవాళ్లు ఈ రోజుల్ని రెండు రకాలుగా దాటొచ్చు: పండగ నాడు ఒక్కపూట ఇష్టంగా తిని మిగతా రోజులు గట్టిగా ఉండటం, లేదా రోజూ కొంచెం కొంచెం తినడం. షుగర్ మందులు వాడనివాళ్లకు మొదటిదే మేలు.

లెక్క చూడండి. అరచేయంత ఓళిగకు (కర్నూలు వైపు భక్ష్యం) సుమారు 25 గ్రాముల మైదా, 20 గ్రాముల శనగపప్పు, 20 గ్రాముల బెల్లం పడతాయి. పిండిపదార్థం 40–45 గ్రాములు. ఎక్కువే. కానీ ఓళిగ విస్తట్లో కనబడుతుంది, ఎన్ని తిన్నామో గుర్తుంటుంది, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. నిప్పట్టు (చెక్క) అలా కాదు. ఒక్కోదాంట్లో పది గ్రాముల బియ్యప్పిండి, అంటే 8 గ్రాముల పిండిపదార్థం. సాయంత్రం టీతో ఐదు నమిలితే ఒక ఓళిగ తిన్నట్టే, తిన్న తృప్తి మాత్రం ఉండదు. ‘రోజూ కొంచెం’ చెడేది ఇక్కడే: డబ్బా మూత పదిసార్లు తీస్తాం, లెక్క ఎవరూ పెట్టరు. పిండిపదార్థం రోజుకు 50 గ్రాముల లోపు ఉండే కీటో వాళ్లకైతే అసలు కుదరదు. కీటోసిస్ (ఒళ్లు పిండిపదార్థం బదులు కొవ్వును వాడుకునే స్థితి) ఒకసారి తప్పితే మళ్లీ కుదురుకోవడానికి రెండు నుంచి నాలుగు రోజులు పట్టొచ్చు.

ఒక్కపూట పద్ధతికీ ఒక తిరకాసుంది. మధ్యాహ్నం తింటాం కదా అని పొద్దున కడుపు మాడ్చుకుంటే, ఆ ఆకలి మీద ఒక ఓళిగ కాస్తా మూడవుతుంది. పొద్దున గుప్పెడు వేయించిన చెనిక్కాయలు (వేరుశనగలు) తినండి, 30 గ్రాములకు పిండిపదార్థం 5 గ్రాములే. భోజనంలో ముందు వంకాయ కూర, ఆకుకూర, పెరుగు. తర్వాత అలసంద వడలు, నాలుగు వడలకు 20 గ్రాముల పిండిపదార్థం లెక్కేసుకోండి. చివర్లో నెయ్యి పోసుకుని ఒక ఓళిగ. ఆ పూట అన్నం, చిత్రాన్నం, పరమాన్నం వద్దు. తిన్నాక పావుగంట నడవండి.

కనుమ నాడు నాటుకోడి పులుసుతో ఇబ్బంది లేదు, జారేది సంగటి దగ్గర. రాగుల్లో పీచు బాగా ఉంటుంది, నిజమే. అయినా 100 గ్రాముల రాగుల్లో 67 గ్రాముల పిండిపదార్థం ఉంది, బియ్యంలో 78. సంగటిలో రెండూ పడతాయి కాబట్టి పెద్ద ముద్ద ఒక్కటే 70 గ్రాములు. పులుసు గిన్నె నిండా పోసుకుని, సంగటి నిమ్మకాయంత పెట్టుకోండి.

షుగర్‌ఫ్రీ ఓళిగలు కూడా ఇప్పుడు అమ్ముతున్నారు. బెల్లం తీసేస్తే తగ్గేది 17 గ్రాములు, మైదా, పప్పుల 27 గ్రాములు అలాగే ఉంటాయి. పైగా ‘షుగర్ లేదు కదా’ అని రెండు తింటాం.

మర్నాడు తూకం కిలో పెరిగితే బెదిరిపోయి ఉపవాసాలు చేయొద్దు. తిన్న పిండిపదార్థం ఒంట్లో గ్లైకోజన్‌గా నిలవవుతుంది, అది గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుంటుంది, పెరిగిందాంట్లో చాలావరకు ఆ నీరే. ఐదో రోజు చూసుకోండి.

గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ల సంగతి వేరు. ఒకనాడు గట్టిగా ఉండి, ఒకనాడు వదిలేస్తే మందు డోసు దేనికీ కుదరదు, గట్టిగా ఉన్న రోజు షుగర్ పడిపోవచ్చు. వాళ్లకు రోజూ ఒకే కొలత మేలు: సగం ఓళిగ తింటే అంతమేర అన్నం తగ్గించడం. డాపాగ్లిఫ్లోజిన్ రకం (షుగర్‌ను మూత్రంలో పంపేసే) మాత్రలు వేసుకునేవాళ్లు కీటో జోలికి సొంతంగా వెళ్లకూడదు, షుగర్ మరీ ఎక్కువ లేకుండానే కీటోయాసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పెరిగిపోయే ప్రమాదం) రావొచ్చు. మాత్రల అట్టలు పట్టుకుని పండగకు వారం ముందే డాక్టర్‌ను కలవండి.