కథ 'నేను' అని చెప్పాలా, బయటి నుంచి చెప్పాలా: ఏది మేలు?

మా కడప, అనంతపురం వైపు కొత్తగా కథలు రాస్తున్నవాళ్లు చూడమని పంపేవాటిలో ఎక్కువ భాగం 'నేను'తోనే మొదలవుతాయి. ఆ తర్వాత అడిగేదీ అదే: ఇట్లా రాయొచ్చా, లేక 'ఆమె', 'అతను' అంటూ బయటి నుంచి చెప్పాలా?

'నేను' అంటే చదివేవాడు తొందరగా దగ్గరవుతాడు, బయటి నుంచైతే చోటు ఎక్కువ దొరుకుతుంది, ఇవన్నీ మీకు తెలిసినవే. నా లెక్కలో తేల్చేది వేరే ఉంది. కథ చెప్పే మనిషికి ఏం తెలియదు?

పులివెందుల పక్కన ఒక రైతు అనుకోండి. చీనీ చెట్లు ఎండిపోతున్నాయి, వెయ్యి అడుగులు దింపినా దుమ్మే లేస్తోంది, ఇంకో బోరు కోసం భార్యకు చెప్పకుండా ఆమె గొలుసు కుదువ పెట్టినాడు. గొలుసు సంగతి చివర్లో బయటపడాలని మీ ప్లాన్. రైతే 'నేను' అంటూ చెబితే, మొదటి పేజీ నుంచీ తెలిసిన విషయాన్ని మన దగ్గర దాచినట్టే. చదివేవాడికి ఆశ్చర్యం కాదు, ఒళ్లు మండుతుంది. భార్య వెంట నడవండి, ఆమెకు తెలిసినప్పుడే మనకూ తెలుస్తుంది.

భార్యే 'నేను' అని చెప్పొచ్చు కదా అంటారు. చెప్పొచ్చు, కానీ అప్పుడు కథంతా ఆమె మాటలోనే నడవాలి. "నీళ్లు పడ్లేదంట గదమ్మా" అని పక్కింటామె అన్న తర్వాత, తను 'అనివార్యమైన నిశ్శబ్దం' గురించి చెబితే ఆయమ్మ పోయి మీరు కనబడతారు. పది పేజీలు ఆ గొంతు నిలబెట్టగలిగితే సరే, లేకుంటే బయటి నుంచే చెప్పండి, ఒక్కరి భుజం వదలకుండా. నేను మొగ్గేది ఇటే.

దీనికీ ఒక తలనొప్పి ఉంది. 'నేను' కథలో 'పోయినాను, చూసినాను' అంటే సరిపోతుంది. బయటి నుంచైతే వాడా, అతనా, ఆయనా? కూలీలందరూ 'వాడు', టీచరొక్కడే 'ఆయన' అయిన కథలు చాలా చదివాను, రాసినవాళ్లకు ఆ తేడా కనబడనే లేదు. భార్య వెంట నడుస్తుంటే ఆమె మొగుణ్ని మనసులో ఎట్లా అనుకుంటుందో అదే వాడండి.

మూడో దారి, పక్కనున్నవాడు చెప్పడం. బోరు లారీ మీద పనిచేసే కుర్రాడు ఈ కథ చెబితే? కోనన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్ అనే డిటెక్టివ్ మీద రాసిన 56 చిన్న కథల్లో హోమ్సే మొదట్నుంచీ చివరిదాకా చెప్పినవి రెండే, మిగతావి దాదాపు అన్నీ అతని స్నేహితుడు వాట్సన్ చెప్పినవే. హోమ్స్ బుర్రలో ఏముందో వాట్సన్‌కు తెలియదు, అందుకే దాచడం మోసం కాలేదు. కాకపోతే ఆ కుర్రాడు ప్రతి ముఖ్యమైన ఘట్టంలోనూ అక్కడే ఉండేట్టు చూడాలి, తలుపు చాటున నిలబెట్టడం మొదలైతే వదిలేయండి.

అందరి మనసుల్లోకీ దూరడం నవలకు పనికొస్తుంది, చిన్న కథకు వద్దు. 'నువ్వు' అని రాసేదీ, ఉత్తరాలూ సరదాకు బాగుంటాయి.

ఇంకా తేలకపోతే మొదటి పేజీలో 'పోయినాను'ను 'పోయింది' చేసి చూడండి. క్రియలు తప్ప ఏమీ మారకపోతే ఆ 'నేను'తో పని లేదు. వెటకారం, తిట్లు, సాగదీతలు కూడా ఊడిపోతుంటే మాత్రం 'నేను'నే ఉంచుకోండి.