గ్రూవ్ పాఠాల సంచి: పుస్తకం కన్నా పెన్‌డ్రైవ్ మేలు

నా దగ్గర డ్రమ్స్ నేర్చుకునే ఇంజినీరింగ్ కుర్రాడు ఒకడున్నాడు. రోల్స్ (గబగబా వరుసగా పడే దెబ్బలు) మొదలుపెడితే వాడి చేతులు కనిపించవు. అదే కుర్రాణ్ని కిక్కు, స్నేరు డ్రమ్ములు, హైహ్యాటు తాళాలు మాత్రమే ఉన్న మామూలు బీటును నాలుగు నిమిషాలు ఆపకుండా వాయించమంటే, నిమిషానికి 84 లెక్కల స్పీడులో మొదలై 91లో తేలాడు. ఒక్క దెబ్బా తప్పు పడలేదు, కానీ పక్కన కీబోర్డు వాయించే అబ్బాయికి చెమటలు పట్టాయి. గుంటూరు బ్రాడీపేటలో పన్నెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఈ జబ్బుకు ‘మళ్లీ వాయించు’ అనడం తప్ప నా దగ్గర మందు లేదు.

అందుకే విజయవాడ గవర్నర్‌పేటలో ఒక డ్రమ్స్ మాస్టారు స్వయంగా తయారుచేసి అమ్ముతున్న ఈ గ్రూవ్ (చెదరకుండా సాగే బీటు నడక) పాఠాల సంచి కోసం బస్సెక్కి వెళ్లాను. ధర 1,450 రూపాయలు. అందులో 96 పేజీల స్పైరల్ పుస్తకం, 58 ఆడియో ట్రాకులున్న పెన్‌డ్రైవ్, 12 లామినేషన్ కార్డులు ఉన్నాయి. వివరణ అంతా తెలుగులోనే. నాలుగు నెలలు ముగ్గురు పిల్లలకు దీనితోనే పాఠం చెప్పాను.

పుస్తకంలో మొదటి 11 పేజీలు గ్రూవ్ అంటే ఏమిటో చెప్పడానికే ఖర్చయ్యాయి. వాటిని ధైర్యంగా దాటేయవచ్చు. మృదంగం మూడేళ్లయినా నేర్చుకున్నవాడికి ‘సర్వలఘువు’ అంటే చాలు, సగం అర్థమైపోతుంది. కీర్తన సాగుతున్నంతసేపూ లెక్కల జోలికి పోకుండా, కాలప్రమాణం చెదరకుండా పాట కింద చాప పరిచినట్టు వాయించడమే అది. తీర్మానానికి, అంటే ముగింపు లెక్కలకు, చప్పట్లు పడతాయి కానీ గాయకుడు ఊపిరి తీసుకునేది ఈ నడక మీదే. ఈ పోలిక పుస్తకంలో 40వ పేజీలో అరపేజీకి పరిమితమైంది. మొదట్లోనే పెట్టి ఉంటే బాగుండేది.

అసలు సరుకు పెన్‌డ్రైవ్‌లో ఉంది. ఏడో ట్రాకులో ఒకే బీటు మూడుసార్లు వస్తుంది. స్పీడు 80, అంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య 750 మిల్లీసెకన్లు. మొదటిసారి రెండు, నాలుగు లెక్కల మీద పడే స్నేరు సరిగ్గా క్లిక్ (లెక్క చూపే మెట్రోనోమ్ టిక్కు) మీద ఉంటుంది. రెండోసారి 20 మిల్లీసెకన్లు ముందు, మూడోసారి 20 మిల్లీసెకన్లు వెనుక. అంత చిన్న తేడా ఎవరికి తెలుస్తుందనుకున్నాను. ఏ లెక్కా తెలియని నా భార్య వంటగదిలోంచే, “రెండోవాడికి బస్సు తప్పిపోతోందా?” అంది.

పుస్తకంలో ఆ మూడింటికీ ఒకే స్వరలిపి మూడుసార్లు వేసి ఉంది. అచ్చుతప్పు అనుకుని ఫోను చేశాను. ఆయన నవ్వి, “తప్పు కాదు మాస్టారూ, కాగితం మీద ఆ తేడా రాయలేం. చూసి వాయించేవాళ్లు చెవి తెరవాలనే అలా వేశాను” అన్నారు. నేను పిల్లలకు ఇన్నేళ్లుగా కాగితమే కదా ఇస్తున్నాను! ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

19 నుంచి 24 దాకా ఉన్న ట్రాకులు ఇంకా కఠినం. క్లిక్ నాలుగు బార్లు (బారుకు నాలుగు లెక్కలు) మోగి, నాలుగు బార్లు మాయమవుతుంది. 80 స్పీడులో అది 12 సెకన్ల నిశ్శబ్దం. క్లిక్ తిరిగొచ్చేసరికి మన కుర్రాడు దాదాపు అర లెక్క ముందున్నాడు. మొదటివారం క్లిక్‌నే తిట్టుకున్నాడు. మూడోవారానికి నోటితో లెక్క పెట్టుకుంటూ వాయించడం అలవాటైంది. తన వాయింపును ఫోనులో రికార్డు చేసి మర్నాడు పొద్దున వినాలన్న సూచన కూడా పనిచేసింది. వాయించిన వెంటనే వింటే ఎవరి బీటు వాళ్లకు ముద్దే.

ఘోస్ట్ నోట్స్ పాఠం కూడా బాగుంది. అమెరికన్ ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందంలో వాయించిన డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ స్నేరు మీద గట్టి దెబ్బల మధ్య వినీ వినపడనట్టు ఎలా నింపేవారో ఉదాహరణగా తీసుకుని, పెద్ద దెబ్బకూ చిన్న దెబ్బకూ కర్ర ఎంతెత్తు లేవాలో కార్డు మీద బొమ్మ వేశారు.

ఇక డప్పు కార్డు దగ్గర నాకు కోపం వచ్చింది. డప్పు దెబ్బను డ్రమ్ సెట్ మీదకు తేవాలన్న ఆలోచన మంచిదే, కానీ దాన్ని సమానమైన పదహారు ముక్కలుగా కోసి, కంప్యూటర్‌తో వాయించి రికార్డు చేశారు. రెండు దెబ్బల జంటను సరిసమానంగా పంచితే 50:50, త్రిశ్రంగా, అంటే మూడు భాగాల్లో రెండు మొదటి దెబ్బకిచ్చి, పంచితే 67:33. మా వైపు డప్పు ఈ రెంటికీ మధ్య ఎక్కడో నడుస్తుంది. 1980లో వచ్చిన, రోజర్ లిన్ తయారుచేసిన ఎల్‌ఎం-1 డ్రమ్ మెషీన్‌లోనే ఈ ఊగును కొంచెం కొంచెంగా మార్చుకునే వీలుంది. ఇప్పటి కంప్యూటర్‌లో ఒక్క మీట నొక్కితే అయ్యే పని. ఆ ట్రాకును మా వీధిలో డప్పు వాయించే పెద్దాయనకు వినిపించాను. చివరిదాకా విని, “ఎవరు కొట్టారు మాస్టారూ? కాలు కదలడం లేదు” అన్నారు.

చిన్న లోపాలు మరికొన్ని ఉన్నాయి. 30వ ట్రాకు దాటాక పుస్తకంలోని సంఖ్యలకూ పెన్‌డ్రైవ్‌లోని సంఖ్యలకూ రెండేసి తేడా. ఎడమచేతివాటం పిల్లలకు ఒక్క బొమ్మా లేదు. స్పైరల్ రెండో నెలలోనే ఊడింది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ల గురించి హెచ్చరిక లేకపోవడం మాత్రం చిన్న లోపం కాదు. ఎలక్ట్రానిక్ ప్యాడ్ శబ్దాన్ని వాటిలో వింటే కొట్టిన దెబ్బ ఆలస్యంగా చెవిని చేరుతుంది. ఆ ఆలస్యం 20 మిల్లీసెకన్లకు ఎన్నో రెట్లు. నా దగ్గరి ఇంకో పిల్లాడు వారం రోజులు అలాగే సాధన చేసి, దాన్ని సర్దుకోబోయి అన్నీ ముందే కొట్టడం నేర్చుకున్నాడు. వైరున్న ఇయర్‌ఫోన్లు కొనిపించి, ఆ అలవాటు మాన్పించడానికి ఇంకో రెండు వారాలు పట్టింది.

కొత్తగా కర్రలు పట్టినవాళ్లకు ఇది కొనవద్దు. ఏడాదో రెండేళ్లో వాయించి, రోల్స్ మోజు బాగా ముదిరినవాళ్లకు కొనండి. పాఠాలు చెప్పేవాళ్లయితే పెన్‌డ్రైవ్ కోసమైనా తీసుకోవచ్చు, అక్కడే కంప్యూటర్‌లో పెట్టించి చూసుకోండి. మొన్న ఒక రిసెప్షన్‌లో మన కుర్రాడు అదే బీటును 84లో ఎత్తుకుని 86లో దించాడు. నా లెక్కలో 1,450 వసూలైనట్టే.

రెండో ముద్రణ వేస్తున్నామని ఆ మాస్టారు చెప్పారు. డప్పు కార్డు మార్చమని చెప్పి, మా వీధి పెద్దాయన చేత ఐదు నిమిషాలు వాయించి రికార్డు చేసి పంపాను. రెండు వారాలైంది, ఇంకా జవాబు రాలేదు. పెద్దాయన మాత్రం రోజూ అడుగుతున్నారు.